దిగేటప్పుడు చెప్పే మాట

ధర్మపురి బస్టాండులో పోస్టరు చూసి ఆయన పోయారని తెలుసుకున్నాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి నా బతుకులో ఇంకొకటి లేదు.

మా తమిళనాడు పక్క ఎవరైనా పోతే ఫోటో పెద్దగా వేసి, కింద కన్నీటి అంజలి అని తమిళంలో అచ్చు వేయించి గోడలకు అంటిస్తారు. టీ అంగడి పక్కన ఏదో సినిమా పోస్టరు మీద అంటించిన ఆ కాగితంలోంచి మా ఇంగ్లీషు వాద్యారు నావైపే చూస్తున్నారు. చొక్కా జేబులో చాక్‌పీసులు, ఫోటోలో కూడా. అడుగున ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక ఇంగ్లీషు వాక్యం వేయించారు. ‘వియ్ ఓ యూ ఎవ్రీథింగ్, సార్.’ మా దగ్గరున్నదంతా మీకు బాకీ అని దానర్థం. ఆయన బతికున్నప్పుడు ఆ మాట ఆయన ముందర అనే ధైర్యం ఒక్కరికీ లేదు. అననిచ్చేవారు కాదు. చదవలేని చోటికి పోయిన తరవాత అచ్చు వేయించారు మహానుభావులు. వాళ్లను అనడమెందుకు, నేనేం తక్కువ తిన్నానా?

పోస్టరు మీద తేదీ చూశాను. అప్పటికే నాలుగు రోజులైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. పాఠం చెప్పేవారు కాబట్టి మాలో మాకు వాద్యారు, ఎదురుగా సార్, మా అమ్మానాన్నలకూ సారే. టౌన్ బస్సు కండక్టర్లకు మాత్రం ‘మచ్ ఆబ్లైజ్డ్ సార్’. బస్సు దిగేటప్పుడు మెట్టు మీద నిలబడి, కడ్డీ పట్టుకుని, వెనక్కి తిరిగి డ్రైవరుకు వినపడేలా ‘మచ్ ఆబ్లైజ్డ్!’ అనేవారు. చాలా రుణపడి ఉన్నాను అని. తరవాత కండక్టరుకు ఇంకోసారి. వెనకాల దిగాల్సినవాళ్లు సణుక్కునేవాళ్లు. వాళ్లు పొరుగూళ్లో తెలిసినవాళ్ల ఇంటికి ముహూర్తానికి పోతున్నా సరే, ఈయన మర్యాద పూర్తయ్యేదాకా బస్సు కదలకూడదు. కొందరు డ్రైవర్లు జవాబుగా ఒకసారి హారన్ కొట్టేవాళ్లు. ఆ హారన్ విన్న రోజు ఆయన చాలా సంతోషంగా మేడ మెట్లెక్కి వచ్చేవారు.

టైర్లకు ప్యాచీలు వేసే అంగడి మీద ఒక గది. అదే ఆయన ఇంగ్లీషు క్లాసు. కింద రబ్బరు కాల్చే వాసన, పైన మేము. పాలకోడు టమాటా మండీలో చీటీలు రాసేవాళ్లు, నర్సు పనికి పోవాలనుకునే ఆడపిల్లలు, ఓడలో వంటపని దొరుకుతుందని ఎవరో చెబితే నమ్మి వచ్చిన ఒక నడివయసు వంటాయన. ఇట్లాంటివాళ్లం పదీ పన్నెండుమందిమి. ఆయనకు ఇష్టమైన పాఠం ఒకటుంది. నెలకోసారైనా అది చెప్పకపోతే ఆయనకు తోచేది కాదు. బోర్డు మీద అడుగు నుంచి పైకి మెట్లుగా రాసేవారు. అట్టడుగున థాంక్స్. దాని మీద థాంక్యూ వెరీ మచ్. ఆ పైన తనకిష్టమైన మచ్ ఆబ్లైజ్డ్. దాని పైన ‘ఐ ఓ యూ వన్’, అంటే నీకు నేనొక సాయం బాకీ. ఇంకా పైన ‘ఐయామ్ ఇన్ యువర్ డెట్’, నీ రుణంలో ఉన్నాను. అన్నిటికన్నా పైన, బోర్డు అంచుకు తగిలేలా, ‘ఐ కెన్ నెవర్ రిపే యూ.’ నీ రుణం ఎప్పటికీ తీర్చలేను.

తరవాత ప్రశ్నలు. పాలకోడు బస్సులో ఒకడు జరిగి నీకు చోటిచ్చినాడు, ఏ మెట్టు? మొదటి మెట్టు సార్. నీ టమాటా గంపలు వానకు తడుస్తా ఉంటే ముక్కూ మొహం తెలియనోడు తన టార్పాలు తెచ్చి కప్పినాడు? మండీ వాళ్లలో వాదన. ఒకరు మూడో మెట్టంటే ఒకరు నాలుగోదనేవాళ్లు. ఆ రోజు టమాటా ధరెంతో చెప్పండి సార్, దాన్ని బట్టి మెట్టు చెప్తామని ఒకాయన అడిగితే వాద్యారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. బావిలో పడిన నీ బిడ్డను ఎవరో దూకి తీసినారు, అప్పుడు? ఈసారి జవాబు కోసం ఆగకుండా తనే చేత్తో బోర్డు పై అంచును చూపించేవారు.

ఇంగ్లీషువాళ్లు నాకు నువ్వు సాయం చేశావు, నేను బాకీ ఉన్నాను అని నోరు తెరిచి ఒప్పుకుంటారు, అదొక పెద్దమనిషితనం, మనకు అది లేదు, నేర్చుకోండి అనేవారు. మేము తలలూపి రాసుకునేవాళ్లం. చివర్లో కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుని, బోర్డంతా చెరిపేసి, ఇంకోమాట చెప్పేవారు. ఇవి బయటోళ్లకయ్యా, రాకపోకలున్న ఇంట్లో ఈ మెట్లేవీ లేవు.

ఆయన రాకపోకల పద్ధతి వేరే. ఎవరైనా ఏదైనా ఇస్తే ఒక్కమాటా అనకుండా చేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు చూసేవారు. రెండు రోజులకు ఆ ఇంటికి ఏదో ఒకటి చేరేది. సమానంగా మాత్రం ఇచ్చేవారు కాదు. నాలుగు మామిడికాయలకు మూడు నిమ్మకాయలు. సమానంగా ఇస్తే ఇచ్చినవాడు ఇంక మన ఇంటికెందుకొస్తాడు అని ఆయన వాదం. వాళ్లు కొంచెం ఎక్కువ ఇచ్చామనుకోవాలి, లేకపోతే మనం ఎక్కువ ఇచ్చామనుకోవాలి, ఏదో ఒకటి మిగలాలి.

నేను ఆయన దగ్గరికి చేరింది ఒక దూడ పుణ్యాన. మాది కంబైనల్లూరు పక్కన పల్లె. తాతల నాటి నుంచి ఆవులు మేపుకునే ఇల్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుకుంటాం. ప్లస్ టూ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మూడోసారి రాయడం మాటే లేదు, ఆవులు చూసుకుంటుందిలే అని మా నాన్న తేల్చేశాడు. ఒకరోజు దూడకు నులిపురుగుల మందు తెచ్చి, సీసా మీద ఇంగ్లీషులో ఉన్నది చదవమన్నాడు. చదివాను, రెండు మూతలు పొయ్యమన్నాను. పెళ్లి నుంచి పోతూ నీళ్లకని మా అరుగు మీద కూర్చున్న ముసలాయన చెయ్యి చాపి సీసా తీసుకున్నారు. నేను చెప్పింది పెద్ద ఆవుకు పొయ్యాల్సినంత. దూడకు పోసి ఉంటే సాయంత్రానికి మాకు దూడ లేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం సీసా పక్కన పెట్టి, ఈ పాపను రోజూ నా దగ్గరికి పంపించు అని మా నాన్నతో అన్నారు.

ఫీజెంత అని అడిగాడు నాన్న. ఫీజు తీసుకోరని తెలిసి భయపడ్డాడు. ఊరికే తీసుకుంటే ఎట్లా మొయ్యాలి? అది గమనించి మజ్జిగ పంపించు చాలన్నారు. మూత, పట్టుకునే కాడ ఉన్న చిన్న స్టీలు గిన్నెను మేము తూక్కు అంటాం. ఆ తూక్కు నిండా మజ్జిగతో ఏడాదిన్నర నేను ధర్మపురి బస్సెక్కాను.

ఆ తూక్కు ఒక్కరోజు కూడా ఖాళీగా తిరిగి రాలేదు. వాద్యారు పెళ్లి చేసుకోలేదు. చిన్న వయసులో భర్త పోయి అన్న దగ్గరికి వచ్చేసిన చెల్లెలు ఆ ఇల్లు నడిపేది. నేను అత్తా అనేదాన్ని. మజ్జిగ వేరే గిన్నెలో పోసుకుని, తూక్కు కడిగి, అందులో గుప్పెడు కరివేపాకో, రెండు నిమ్మకాయలో, వేయించిన చెనక్కాయలో వేసి ఇచ్చేది. ఇంట్లో ఏమీ లేని రోజు నాలుగు కల్లుప్పు రాళ్లు వేసింది. మా పక్క గిన్నె ఖాళీగా వచ్చిందంటే ఇంక చాలించుకుందామని అర్థం. ఇంటికి రాగానే, ఈ రోజేం చదివావని అడగడానికి ముందు మా అమ్మ మూత తీసి చూసేది.

ఇంగ్లీషు ప్యాసయ్యాను. అది చాలదని ఆయన నాకు ఉత్తరాలు రాయడం నేర్పారు. తెలుగు అక్షరాలు కూడా ఆయనే నేర్పారు. మా ఊళ్లో ఆ భాష మాట్లాడనివాళ్లు లేరు, రాయడం వచ్చినవాళ్లూ లేరు. మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలు ఆయన పెట్టిన భిక్షే. కృష్ణగిరి రోడ్డులో మామిడి గుజ్జు డబ్బాలకెత్తి విదేశాలకు పంపే కంపెనీలో, కొనేవాళ్లకు ఉత్తరాలు రాసే ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఆవుల పని కాకుండా ఇంకో పని చేసిన మొదటి ఆడపిల్లను నేను.

మొదటి జీతంతో జరీ అంచు పంచె, కండువా, పళ్లు కొని, పళ్లెంలో తమలపాకులతో సహా పెట్టుకుని పోయాను. చేతిలో పళ్లెం ఉంటే తూక్కు ఎందుకని ఇంట్లోనే వదిలేశాను. దారంతా వాక్యం నెమరేసుకున్నాను. ఆయన ముందర పళ్లెం పెట్టి, కాళ్లకు మొక్కి, గొంతు సవరించుకుని, ‘ఐ కెన్ నెవర్ రిపే యూ, సార్’ అన్నాను. ఒక్క తప్పు లేకుండా.

ఆయన పళ్లెం చూశారు. నా చేతులు చూశారు.

“మజ్జిగ యాడ?” అన్నారు.

తేలేదన్నాను. అయితే అయిపోయిందా అని అడిగారు. ఏం అయిపోయింది సార్ అన్నాను. ఆయన ముఖం అట్లా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. లోపల అత్త గిన్నెలు కడగడం ఆపేసింది. పళ్లెం పక్కకు జరిపి, నన్ను కూర్చోమని తన కాలి కథ చెప్పారు.

ఇరవై ఏళ్ల వయసులో ఆయన కాలికి పుండు పడింది. ఆసుపత్రిలో ఏడాది ఉన్నారు. కాలు తీసేయాల్సిందేనని అందరూ అంటే ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. రోజూ తనే కట్టు కట్టేది. నొప్పి తెలియకుండా ఉండాలని కట్టు కట్టినంతసేపు ఇంగ్లీషు చెప్పేది. బదులుగా ఈయన ఆమెకు తెలుగు చెప్పారు, పల్లెల నుంచి వచ్చే మా ఆడవాళ్లతో ఆమె మాట్లాడాలి కదా. కాలు నిలబడింది. ఆ తరవాత ఆమె తన దేశానికి పోయే రోజు వచ్చింది. కారు దగ్గర ఈయన చేతులు పట్టుకుని, నా తెలుగంతా నీకు బాకీ అని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పి, కారెక్కకుండా కాసేపు అట్లాగే నిలబడింది. ఈయనకు మాటలు వచ్చు, ఆమె నేర్పినవే. కానీ చెబితే తీరిపోతుందేమో, తీరిపోతే ఇంక రాదేమో అని భయం. పోయిరండమ్మా అని మాత్రం తెలుగులో అన్నారు. ఆమె తలూపి ఎక్కింది. మళ్లా రాలేదు.

“ఆ మాట కోసమే నిలబడింది పాపా. అది నాకు తెలిసేదానికి ఇరవై ఏండ్లు పట్టింది” అన్నారు.

మరి మమ్మల్ని ఎందుకు చెప్పనివ్వరు అని అడిగాను. కొంచెం కోపంగానే అడిగాను. అంత మోజుగా తెచ్చిన పంచె అక్కడ అనాథలా పడి ఉంది మరి.

“ఆమెది వేరే ఊరి వాడుక. నీదీ నాదీ ఒకే వాడుక కదా. ఇంక రాను అనుకున్నప్పుడు చెప్పు. చెప్పలేదంటే, మళ్లా వస్తావని నేను అనుకుంటా.”

మరుసటి ఆదివారం మజ్జిగ తీసుకుపోయాను. ఆయన ఆ కొత్త పంచె కట్టుకుని కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు తూక్కులో మల్లెపూలు.

ఏళ్లు గడిచాయి. వారం వారం పోయేదాన్ని, తరవాత నెలకోసారి, తరవాత పండగలకు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నడుము నొప్పి కూడా వచ్చింది. సాకులకేం కొదవ! నేను ఎప్పుడు పోయినా, ఇన్నాళ్లు ఏమైపోయావని ఆయన అడగలేదు. మజ్జిగ పులిసిందని మాత్రం వంక పెట్టేవారు.

ఈ వేసవి మొదట్లో ఆయనకు బాగాలేదని తెలిసి పోయాను. మేడ మీద క్లాసు మూతపడి చాలాకాలమైంది. ఇంటి ముందు వరండాలో, గేటు కనబడేలా మంచం వేసుకుని పడుకుని ఉన్నారు. కాళ్లు వాచిపోయాయి, ఆ నిలబెట్టిన కాలు మరీ ఎక్కువగా. గొంతు సన్నబడింది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని అత్త వంటింట్లో మెల్లగా చెప్పింది. మజ్జిగ చెంచాతో రెండు గుక్కలు తాగించాను. తక్కినది తరవాత తాగుతానంటే తూక్కు అక్కడే ఉంచేశాను.

లేచేటప్పుడు ఆ వాక్యం గొంతుదాకా వచ్చింది. ఇంతకు ముందు చెప్పినట్టు కాదు, అప్పుడు నాకు దాని అర్థం తెలియదు. ఇప్పుడు తెలుసు. నిజంగా ఆ మనిషి లేకపోతే నేను లేను. ఆ పల్లెలో పేడ ఎత్తుకుంటూ, సీసా మీద ఏముందో తెలియకుండా ఉండిపోయేదాన్ని. చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కానీ చెబితే, మీరు పోతున్నారు, నేనింక రాను అని ఆయన ముఖం మీద చెప్పినట్టే కదా. నోరు రాలేదు. పోయొస్తాను సార్ అన్నాను. ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూసి, పోయిరా అన్నారు.

ఆ తరవాత మామిడి కోతలు మొదలయ్యాయి. ఆ రెండు నెలలు కంపెనీలో మాకు ఆదివారమంటూ ఉండదు. కుర్చీలోంచి లేవకుండా, మొహం కూడా తెలియని ఏ దేశపు కొనుగోలుదారులకో రోజంతా మచ్ ఆబ్లైజ్డ్, మచ్ ఆబ్లైజ్డ్ అని టైపు చేశాను. ఆయన ఇంటికి బస్సులో నలభై నిమిషాల దారి.

పోస్టరు చూసిన రోజు అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికి పోయాను. మంచం తీసేశారు. అత్త ఒక్కతే గడప పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. ఏడ్చింది నేను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఏదో ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను పోయిన రోజు సాయంత్రం ఆయన అడిగారట, ఆ పాప పోతా పోతా నీతో ఏమన్నా చెప్పిందా అని. ఏమీ చెప్పలేదని అత్త అంది.

“‘చెప్పలేదా? అయితే మళ్లా వస్తుంది’ అన్నాడమ్మా అన్న. ఆ రోజు నుంచి పన్నెండు గంటల బస్సు వచ్చే టయానికి గేటు పక్క తిరిగి పండుకుంటా ఉండె.”

ఇది విన్న తరవాత నేను ఎట్లా కూర్చున్నానో, ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. నేను నోరు మూసుకుని వచ్చింది ఆయనకు బాధ కలగకూడదని. ఆయనకది మాట ఇచ్చినట్టయింది. డాక్టరమ్మ కోసం ఏళ్ల తరబడి చూసినట్టే, నా కోసం పన్నెండు గంటల బస్సులన్నీ చూశారు. అవి ఎన్నో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చివరి రోజు పొద్దున ఎట్లా ఉన్నారని మాత్రం అడిగాను. అత్త కాసేపు కొంగు సర్దుకుంది. నలభై ఏళ్లు వండి పెట్టిన ఆమెకు ఆయన ఏనాడూ ఒక మంచిమాట చెప్పినవారు కాదు. ఉప్పు తక్కువైతే చెప్పేవారు. ఆ రోజు గంజి తాగించి మూతి తుడుస్తుంటే ఆమె ముంజేయి పట్టుకున్నారట.

“బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు చెప్తాడే, ఆ మాట. అది నాకు చెప్పినాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఆ మాట ఎప్పుడు చెప్తాడో తెలీదా? గిన్నె కింద పెట్టేసి పక్కనే కూర్చుండిపోయినా.”

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరికీ మజ్జిగ పోసే దిక్కు కూడా లేదు ఆ ఇంట్లో. పొయ్యి సరిగా రాజెయ్యడం లేదని తెలుస్తూనే ఉంది.

నేను లేచేసరికి అత్త లోపలికి పోయి నా తూక్కు తెచ్చింది. బాగా తోమి, తుడిచి ఉంది. అందుకుంటే తేలిగ్గా ఉంది. మైల ఇంటి నుంచి ఏదీ వేసి పంపకూడదమ్మా, ఏమీ అనుకోవద్దు అంది. నాకు తెలుసు. మా ఇంట్లో అయినా అంతే చేస్తారు. అయినా ఆ ఖాళీ గిన్నె పట్టుకుని గడప దాటడం నా వల్ల కాలేదు. ఇప్పుడు కూడా మా అమ్మ మూత తీసి చూస్తుందేమో అనిపించింది. తిరిగి తెచ్చి ఆమె పక్కన పెట్టేశాను. ఇది ఇక్కడే ఉండనీ అత్తా అన్నాను. ఆమె వద్దనలేదు.

చావు ఇంటి నుంచి పోయేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు. ఎవరూ చెప్పరు. తల వంచుకుని మాటా పలుకూ లేకుండా బయటికి నడవాలి. నేను గేటు దాకా అట్లాగే నడిచాను. అక్కడి నుంచి గడప పక్కన కూర్చున్న ఆమె కనబడింది, పన్నెండు గంటల బస్సు ఆగే చోటుకు ఎదురుగా. వెనక్కి తిరిగాను.

“పోయొస్తాను అత్తా.”

ఉలిక్కిపడి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఎప్పుడొస్తావు?” అంది.

ఆదివారం వస్తానన్నాను. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, ఆదివారానికి ఇంకా ఎన్నాళ్లుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.